మడత చాకు పిడికి ఏ పదార్థం: ఉప్పునీటి చెరువుల దగ్గర పనిచేసేవారికి

మీరు అడిగింది ఇదీ. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పని. మేత బస్తాలు కోయడానికి, నైలాన్ తాళ్లు, వల దారాలు తెంపడానికి లైనర్ లాక్ ఉన్న మడత చాకు (పిడి పలకల లోపల ఉండే లోహపు రేకు లైనర్, దాని పట్టీయే తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపుతుంది) రోజూ జేబులో ఉంటుంది. బ్లేడు 8 సెం.మీ. పిడికి రెండువైపులా ఉన్న పాత ప్లాస్టిక్ పలకలు స్క్రూల దగ్గర పగిలాయి. ఇంట్లో పాత జిట్రేగి (రోజ్‌వుడ్) కుర్చీ చెక్క ఉంది, దానితో కొత్త పలకలు చేయించాలా, లేక జి-10, మైకార్టా, టైటానియం లాంటివి చూడాలా?

మీ పనికి జి-10, అంటే గాజు పోగుల ఎపాక్సీ పలక, వేయండి. రెండో స్థానం బట్టతో చేసిన హైలం షీటుది, మైకార్టా కూడా ఆ కుటుంబమే. జిట్రేగిని పక్కన పెట్టమనడం దాని నాణ్యత మీద అనుమానంతో కాదు. మడత చాకు పిడి చేసే పని వేరు, అందుకని.

పార కామ వదులైతే మనం ఏం చేస్తాం? రాత్రంతా నీళ్లలో నానబెడతాం. చెక్క ఉబ్బి ఇనుప కన్నంలో బిగుసుకుంటుంది. గొడ్డలికైనా అదే వైద్యం. అక్కడ చెక్క ఉబ్బడం మనకు మేలు. మడత చాకులో అదే ఉబ్బు కీడు. ఇక్కడ పిడి చేతికి పట్టు మాత్రమే కాదు, బ్లేడు తిరిగే ఇరుసుకి, అంటే పివట్‌కి, గోడలా కూడా నిలబడాలి. ఆ గోడ మందం మారితే బ్లేడు బిగుసుకుపోవడమో, అటూ ఇటూ ఊగడమో జరుగుతుంది.

ఎంత మారుతుందో లెక్క వేసి చూడండి. ఏసీ గదిలో ఉన్న చెక్కలో తేమ 8, 9 శాతం దగ్గర నిలుస్తుంది. వానాకాలంలో కోస్తా గాలికి అదే చెక్క 16 శాతం దాకా తాగుతుంది. అంటే తేడా సుమారు 7 శాతం. ఒక్కో శాతం తేమకి చెక్క అడ్డంగా 0.2 శాతం దాకా ఉబ్బుతుంది. నిలువు పోగు వెంట మాత్రం దాదాపు కదలదు. 3 మి.మీ. మందం పలక దీనికి 0.04 మి.మీ. ఉబ్బుతుంది, రెండు పలకలకి కలిపి 0.08. చూడ్డానికి వెంట్రుక మందమే. కానీ పివట్ స్క్రూది ఎం3 (3 మి.మీ. వ్యాసం) మర అయితే ఒక పూర్తి చుట్టుకి అది నడిచేది 0.5 మి.మీ. మాత్రమే. కాబట్టి ఆ 0.08 మి.మీ. ఉబ్బు మీకు తెలియకుండా ఎవరో స్క్రూని ఆరో వంతు చుట్టు బిగించినట్టే. బ్లేడు కదలిక సరిచేసేటప్పుడు మనం తిప్పేది అంతకంటే తక్కువ. వెడల్పులో 25 మి.మీ. పలక 0.35 మి.మీ. పెరుగుతుంది. అందుకే లైనర్ అంచుకి సమంగా అరగదీసిన చెక్క వానాకాలంలో వేలికి తగిలేలా బయటికి పొడుచుకొస్తుంది.

ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ చాకు దీనికి కళ్లెదుట ఉన్న ఉదాహరణ. ఎక్కువ రకాలకు పిడి బీచ్ చెక్కతోనే ఉంటుంది, లోపల లోహపు లైనర్ లేదు. నీళ్లలో తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, గోటితో లాగితే రాదు. అక్కడివాళ్లు పిడి వెనక భాగాన్ని బల్ల అంచుకి ఒక దెబ్బ కొట్టి బ్లేడుని బయటికి తెస్తారు. వాళ్ల వాడకానికి అది సరిపోతుంది. గట్టు మీద ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో చాకు తెరిచే మీకు సరిపోదు.

పదార్థం ఎంచుకునే ముందు మీ చాకు కట్టుబడి చూడండి. పివట్ స్క్రూ విప్పి పలక తీయండి. స్క్రూ తల నేరుగా ఉక్కు లైనర్ మీద కూర్చుంటే, పలక ఒట్టి తొడుగు. అప్పుడు ఏ పదార్థం వేసినా బ్లేడు కదలిక పెద్దగా మారదు, చెక్కకీ కొంత అవకాశం ఉంటుంది. స్క్రూ తల పలక మీద కూర్చుని పలకతో సహా బిగిస్తుంటే, పైన చెప్పిన లెక్కంతా మీకు వర్తిస్తుంది. లైనర్లే లేకుండా పలకలే చట్రంగా ఉన్న చాకైతే చెక్క, కొమ్ము, ఎముక అన్న మాటే వద్దు. మధ్యరకం చాకుల్లో ఎక్కువగా కనిపించేది రెండో పద్ధతే.

ఇక జి-10. గాజు పోగుల బట్టని ఎపాక్సీ రెజిన్‌లో తడిపి, పొరలు పేర్చి, వేడితో ఒత్తిడితో అచ్చువేసిన పలక ఇది. కంప్యూటర్ సర్క్యూట్ బోర్డుల్లో వాడే ఎఫ్ఆర్-4 దీనికి సొంత తమ్ముడు, నిప్పు అంటుకోకుండా మందు కలిపిన రకం. నీళ్లలో రోజంతా ఉంచినా ఇది పీల్చేది 0.1 శాతం చుట్టుపక్కలే. ఉప్పునీటికి లొంగదు. మీ చెరువుల దగ్గర ఉప్పుతో పాటు సున్నం, బ్లీచింగ్ కూడా చేతులకీ చాకుకీ అంటుతుంటాయి. హైలం కంటే జి-10ని ముందు పెట్టడానికి అసలు కారణం అదే. హైలంలో ఉండే ఫినాలిక్ రెజిన్ సున్నం లాంటి గాఢమైన క్షారానికి తట్టుకోలేదు, ఎపాక్సీ మెరుగ్గా తట్టుకుంటుంది.

చాకు సామాను అమ్మే చోట రంగురంగుల జి-10 దొరుకుతుంది కానీ ధర ఎక్కువ. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజార్లలో ఎలక్ట్రికల్ ఇన్సులేషన్ సరుకు అమ్మేవారి దగ్గర ‘గ్లాస్ ఎపాక్సీ షీట్’ అని అడగండి. లేత ఆకుపచ్చ లేదా పసుపు రంగులో, వెలుతురుకి పట్టి చూస్తే కాస్త పారదర్శకంగా ఉంటుంది. 3 లేదా 3.2 మి.మీ. మందం తీసుకోండి. రెండు పలకలకి 150 × 80 మి.మీ. ముక్క చాలు, ఒకటి పాడైనా ఇంకోటి కోయడానికి మిగులుతుంది.

దీనితో జాగ్రత్త పడాల్సింది దుమ్ము విషయంలో. కోసినా రాకినా గాజు పోగుల పొడి లేస్తుంది. చర్మానికి దురద, కళ్లకి మంట, ఊపిరితిత్తులకి హాని. ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టకండి. పొడిగా రాకొద్దు. పళ్లెంలో నీళ్లు పోసి, వాటర్ పేపర్‌తో తడిగానే రాకండి, 120 నంబరు గరుకుతో మొదలుపెట్టి. ఎక్కడ ఏ నంబరు దగ్గర ఆపాలో కింద చెబుతాను. ఆ నీళ్లు ఆరకముందే తుడిచేయండి, ఆరితే అదే దుమ్ము మళ్లీ గాల్లోకి లేస్తుంది. ఇంట్లో పిల్లలు తిరిగే చోట, వంటగది సింకులో ఈ పని వద్దు.

కోయడానికి సన్నపళ్ల హాక్సా బ్లేడు సరిపోతుంది, అంగుళానికి 32 పళ్లున్నది తీసుకోండి. మామూలు డ్రిల్ బిట్లని గాజు త్వరగా మొద్దుబారుస్తుంది. మొద్దుబారిన బిట్‌తో నొక్కితే రంధ్రం చుట్టూ తెల్లగా పొర లేస్తుంది. కార్బైడ్ బిట్ ఒక్కటి కొనుక్కోండి, కింద చెక్కముక్క ఆనించి, నెమ్మదిగా దింపండి. రంధ్రం వెనకవైపు పగలకుండా కాపాడేది ఆ చెక్కముక్కే. ఇంకో మాట, జి-10లో నేరుగా మర కోసి స్క్రూ బిగించకండి. నాలుగైదు సార్లు విప్పి బిగించేసరికి పొడి రాలి మర పోతుంది. మర ఎప్పుడూ ఉక్కు లైనర్‌లోనో, మధ్యలో ఉండే స్పేసర్‌లోనో ఉండాలి.

హైలం సంగతికి వస్తే, పాత ఇళ్లల్లో కరెంటు స్విచ్‌బోర్డు పెట్టెల మీద బిగించే గోధుమరంగు పలక గుర్తుందా? అదే. హైదరాబాద్ కంపెనీ పేరే సరుకు పేరైపోయింది. చాకు ప్రపంచంలో మైకార్టా అని గొప్పగా చెప్పుకునేది ఇదే కుటుంబం. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1910 ప్రాంతంలో కరెంటు ఇన్సులేషన్ కోసం తెచ్చిన పేరు అది. కాగితాన్నో బట్టనో ఫినాలిక్ రెజిన్‌లో తడిపి వేడిమీద ఒత్తుతారు. ఇక్కడ ఒక తేడా తప్పక చూసుకోవాలి. స్విచ్‌బోర్డు మీద ఉండేది కాగితం రకం. నున్నగా ఉంటుంది, తడిస్తే జారుతుంది, రంధ్రం వేస్తే అంచు పెళుసుగా లేస్తుంది. పిడికి కావలసింది బట్ట రకం. అంచు చూస్తే నేత కనిపిస్తుంది, కొన్నిచోట్ల గేర్లు కోయడానికి అమ్ముతారు. దుకాణంలో అంచు మీద చిన్న గీత గీసి చూడండి, దారపు పోగులు కనిపించాలి.

బట్ట హైలం చేతికి ఇచ్చే హాయి జి-10 ఇవ్వదు. 220 నంబరు పేపర్ దగ్గరే ఆపేసి పాలిష్ పెట్టకుండా వదిలేస్తే, తడి చేతిలో పైపొర బట్ట కాస్త నూగులేచి పట్టు పెరుగుతుంది. చేతి జిడ్డు తాగి నెలల్లో రంగు ముదురుతుంది. కొబ్బరి తోటలో, పొలంలో, ఇంట్లో వాడే చాకుకైతే నేను దీన్నే మొదట చెబుతాను. బరువు కూడా తక్కువ. రాకేటప్పుడు ఘాటు వాసన వస్తే వేడెక్కుతోందని అర్థం, ఆపి చల్లారనివ్వండి. ఈ దుమ్ముకీ మాస్కు కావాలి.

బరువు సంగతి ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే నిర్ణయం సులువవుతుంది. ఒక్కోటి 110 × 25 × 3 మి.మీ. ఉన్న రెండు పలకలు కలిపితే 16.5 ఘన సెంటీమీటర్లు. రంధ్రాలు, గుండ్రటి అంచులు లెక్కలోకి తీసుకోకుండా, జిట్రేగి 14 గ్రాములు, హైలం 23, కార్బన్ ఫైబర్ 26, జి-10 30, అల్యూమినియం 45, టైటానియం 73, ఇత్తడి 140 గ్రాములు పడుతుంది. లుంగీ మడతలోనో, పల్చటి ప్యాంటు జేబులోనో పెట్టుకునే చాకుకి ఇత్తడి పలకలు వేస్తే జేబు సాగిపోతుంది. 1960ల నుంచి పేరున్న బక్ 110 అనే మడత చాకు ఇత్తడి బోల్‌స్టర్లతో, అంటే పిడి చివర్ల లోహపు తొడుగులతో, 200 గ్రాములకి తూగుతుంది. అందుకే దాన్ని బెల్టుకి తోలు ఒరలో పెట్టి ఇస్తారు.

టైటానియం ఉప్పుకి తుప్పు పట్టదు, నిజమే. కానీ మీ లైనర్ లాక్‌కి ఒట్టి తొడుగుగా టైటానియం వేయడం అనవసరపు ఖర్చు. పలకే లాక్‌గా పనిచేసే ఫ్రేమ్ లాక్ చాకుల్లో దానికి విలువ ఉంది. నున్నటి టైటానియం చేప జిడ్డు చేతిలో జారుతుంది కూడా. అల్యూమినియం మీ చోటికి అసలు వద్దు. పైన ఆనోడైజింగ్ పొర (కరెంటుతో ఏర్పరచిన గట్టి ఆక్సైడ్ పొర) ఉన్నంతకాలం బాగుంటుంది. గీత పడిన చోట, స్టెయిన్‌లెస్ స్క్రూ ఆనిన చోట, ఉప్పు తడి చేరితే స్క్రూ చుట్టూ తెల్లటి పొడి మొదలవుతుంది. రెండు వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే వాటిలో త్వరగా చర్య జరిపేది, ఇక్కడ అల్యూమినియం, కరిగిపోతుంది. సున్నం తగిలితే ఇంకా వేగం. పైగా మే నెలలో గట్టు మీద వదిలేస్తే చేత్తో పట్టుకోలేం. కార్బన్ ఫైబర్ తేలిక, గట్టి, కానీ నున్నగా పాలిష్ చేసినదైతే తడిలో జారుతుంది, దుమ్ము కూడా జి-10 అంత చెడ్డది.

ప్లాస్టిక్‌ని మొత్తంగా కొట్టేయొద్దు. మీ పాత పలకలు పగిలింది బహుశా గాజుపోగు కలపని సాదా ప్లాస్టిక్ కావడం వల్ల, లేదా స్క్రూ అతిగా బిగించడం వల్ల. గాజుపోగు కలిపిన నైలాన్ పిడులు ఉప్పునీటి పనికి చక్కగా నిలుస్తాయి. కాకపోతే అది అచ్చులో పోసేది, ఇంట్లో కోసి చేసుకునేది కాదు. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ 91 మి.మీ. చాకుల ఎర్ర పలకలు సెల్లిడార్ అనే రకం ప్లాస్టిక్. స్క్రూలుండవు, లోపలి రివెట్ తలల మీద నొక్కితే కూర్చుంటాయి. వాటిని అసిటోన్‌తో తుడిస్తే పైపొర కరుగుతుంది. దోమల మందుల్లో ఉండే డీట్ కూడా చాలా ప్లాస్టిక్‌లని మెత్తబరుస్తుంది. చేతికి రాసుకున్నాక చాకు పట్టుకుంటే జిగటగా అనిపించడానికి కారణం అదే.

అయినా జిట్రేగి మీద మనసుంటే, ఈ చాకుకి కాకుండా ఇంట్లో పళ్లు కోసుకునే మరో మడత చాకుకి వేయండి, లైనర్లున్న దానికే. పాత కుర్చీ చెక్క మంచిదే, ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది. చేవ భాగం మాత్రమే తీసుకోండి. అంచున ఉండే లేత రంగు చెక్కకి పుప్పి పడుతుంది. 5 మి.మీ. పలకలుగా కోయించి, వాటి మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా రెండు మూడు వారాలు నీడలో ఉంచండి. బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు మీద మూడు రోజులకోసారి తూచండి. వరసగా రెండుసార్లు బరువు మారకపోతేనే 3 మి.మీ.కి తగ్గించండి. జిట్రేగిలో, టేకులో సహజంగా నూనె ఉంటుంది. లైనర్‌కి అతికించాలంటే అతికించే ముందే అసిటోన్ గుడ్డతో తుడిచి, ఆరిన వెంటనే ఆరల్డైట్ జిగురు రాయండి. ముందురోజు తుడిచి ఉంచితే నూనె మళ్లీ పైకి వస్తుంది, అతుకు నెలల్లో ఊడుతుంది. స్క్రూ రంధ్రాలు పలక అడ్డం వైపు 0.3 మి.మీ. ఎక్కువ ఉండేలా కాస్త కోలగా చేయండి, ఉబ్బడానికి చోటు కావాలి. పైన అవిసె నూనె పల్చటి పూతలు నాలుగైదు, ఒక్కోటి పూర్తిగా ఆరాక. నూనె గుడ్డని ముద్దగా పడేయొద్దు, అది దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరేయండి లేదా నీళ్లలో ముంచండి.

రెజిన్ ఎక్కించి స్థిరపరచిన చెక్క గురించి కూడా చాలామంది అడుగుతారు. చెక్కని ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి, వ్యాక్యూమ్‌లో రెజిన్ తాగించి, 90 డిగ్రీల దగ్గర గట్టిపరుస్తారు. మంచి పద్ధతే, కానీ అది రంధ్రాలు ఎక్కువున్న తేలిక చెక్కకి, మామిడి లాంటివాటికి. జిట్రేగి, సండ్ర, తునికి చేవ లాంటి దట్టమైన చెక్కలు రెజిన్‌ని లోపలికి రానివ్వవు. వాటికి డబ్బు పెట్టొద్దు. కొండపల్లి బొమ్మల పొణికి, ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలకి తగిన మెత్తటివి, జేబులో తాళాలతో రాసుకునే పిడికి కావు. ఎర్రచందనం ఎవరైనా ‘చిన్న ముక్కే కదా’ అని ఇస్తే తీసుకోకండి. శేషాచలం కొండల ఆ చెట్టుకి చట్టం కాపలా గట్టిగా ఉంది, కాగితాలు లేని ముక్క ఎంత చిన్నదైనా నేరమే. దుప్పి కొమ్ము, కణితి కొమ్ము కూడా అంతే, 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. రాలిన కొమ్మే అన్న సాకు పనికిరాదు. గేదె కొమ్ము చట్టప్రకారం వాడుకోవచ్చు, నునుపు తేలితే నల్లటి అద్దంలా ఉంటుంది. కానీ తేమకి పొరలు విడుతుంది, పురుగు తింటుంది. మీ చెరువులకి అది నిలవదు.

ఇప్పుడు జి-10 పలక బిగించే పని. పాత పలకే మీ కొలత. పగిలినా సరే పారేయకండి. రెండువైపులా అంటుకునే టేపుతో దాన్ని కొత్త షీటు మీద అతికించి, ముందు పివట్ రంధ్రం వేయండి, తర్వాత మిగతావి. రూపురేఖ మాత్రం 1 మి.మీ. ఎక్కువ ఉండేలా కోసి, పలకని లైనర్‌కి స్క్రూలతో బిగించాక ఆకురాయితో లైనర్ అంచు దాకా తేవాలి. స్క్రూ తల దిగే గుంట లోతు చూసుకోవాలి. 3 మి.మీ. పలకలో తల కింద కనీసం 1.5 మి.మీ. మిగలాలి. గుంట ఎక్కువ లోతైతే స్క్రూ చివర లోపలికి పొడుచుకొచ్చి బ్లేడుని గీస్తుంది. పాత పలక 2.5 మి.మీ. ఉండి కొత్తది 3.2 అయితే పాత స్క్రూలు పొట్టివవుతాయి, రెండు మూడు చుట్లే మర పట్టి ఊడిపోతాయి. అప్పుడు గుంటని 0.7 మి.మీ. లోతు పెంచండి, లేదా పొడుగు స్క్రూలు తెచ్చుకోండి.

లాక్ వైపు పలకలో బొటనవేలు లైనర్‌ని అందుకోవడానికి వదిలిన గండి ఉంటుంది. దాన్ని పాత పలక ప్రకారమే కోయండి. గండి చిన్నదైతే తడి వేలితో లాక్ విడవదు. ఇంకో పొరపాటు, పలకని లైనర్‌కి జిగురుతో అతికించడం. స్క్రూలుంటే జిగురు అక్కర్లేదు. లాక్ పట్టీ వెనక జిగురు కారిందంటే ఆ పట్టీ పలకకి అంటుకుపోతుంది, బ్లేడు తెరుచుకున్నా లాక్ పడదు. వేళ్ల మీద మూసుకునే చాకు అలా తయారవుతుంది. బిగించాక బ్లేడు తెరిచి, బ్లేడుకి పదును లేని వీపు అంచుని చెక్కబల్ల మీద మెల్లగా రెండుసార్లు తట్టి చూడండి, వేళ్లు దారిలో పెట్టకుండా. లాక్ జారితే వాడొద్దు, విప్పి ఏది అడ్డొచ్చిందో చూడండి.

జారడం తగ్గించేది పదార్థం ఒక్కటే కాదు, ఆకారం కూడా. అంచులన్నీ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా గుండ్రం చేయండి. అంచు పదునుగా ఉంటే పది బస్తాలకే అరచేయి ఎర్రబడుతుంది. పలక ముఖం మీద మాత్రం 120 నంబరు దగ్గరే ఆపి గరుకు ఉంచండి. జేబు క్లిప్ కిందికొచ్చే చోటు ఒక్కటే 400 దాకా నునుపు చేయండి, లేకపోతే ఆ గరుకు ప్యాంటు జేబు అంచుని నెలలోపే కొరికేస్తుంది.

సాయంత్రం పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, బ్లేడు తెరిచి ఆరబెట్టండి. ఉప్పు నిలిచేది పలక మీద కాదు, పలకకీ లైనర్‌కీ మధ్య సందులో. రెండు నెలలకోసారి పలకలు విప్పి ఆ సందు తుడిచి, లైనర్‌కి పల్చగా నూనె పూసి, పివట్‌లో ఒక్క చుక్క వేసి మళ్లీ బిగించండి. విప్పేటప్పుడు స్క్రూ గట్టిగా ఉంటే బలం పెట్టొద్దు, తల అరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తలకి అర నిమిషం ఆనిస్తే మర ఊడకుండా వేసిన పాత జిగురు వదులుతుంది, తర్వాత సరిగ్గా సరిపోయే బిట్‌తో నేరుగా నొక్కి తిప్పండి.